గాలి లేని పూట కొట్టిన మందు

పల్నాడులో గాలికి రంగులు వేసిన మొదటి మనిషిని నేనే. ఎక్కువ ఉన్నచోట ఎరుపు, తక్కువ ఉన్నచోట నీలం. అలా వేసిన ఒకే ఒక్క బొమ్మను లాప్‌టాప్‌లో చూపించి, ముప్పాళ్ళ అవతల ఒక ఊళ్ళో కర్రలు లేవబోయిన పొలం తగాదాను గంటలో చల్లార్చాను. ఊరంతా నిలబడి చూసింది. రెండు పక్షాల వాళ్ళూ నాకు దండం పెట్టి ఇళ్ళకు వెళ్ళారు.

నరసరావుపేట పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ద్రవాలూ వాయువులూ ఎలా ప్రవహిస్తాయో పాఠం చెప్పి, వాటిని కంప్యూటర్‌లో నడిపించి రిటైరైన వాణ్ణి. ఇదే పనిలోకి వస్తున్న పిల్లలు నా అనుభవాలు రాయమన్నారు. ప్రమోషన్లు, అచ్చయిన పేపర్లు, ల్యాబ్‌కు ఏసీ ఎలా సాధించానన్న వీరగాథ వదిలేస్తున్నాను. పై పేరాను కూడా కాసేపట్లో మీరే కొట్టేస్తారు. అప్పటిదాకా ఉండనివ్వండి, నాకు ఇష్టమైన పేరా అది.

మనం చేసే పని

మా ఆవిడ పెళ్ళిళ్ళలో నన్ను "కంప్యూటర్లో గాలి ఆడిస్తారు" అని పరిచయం చేసేది. ఇన్నేళ్ళలో అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

గాలిలో నీటి తుంపర, నీటిలో గాలి బుడగ, పొగలో దుమ్ము. ఇలా రెండు మూడు పదార్థాలు కలిసి, ఒకదాన్నొకటి లాక్కుంటూ నెట్టుకుంటూ పోవడాన్ని మల్టీఫేజ్ ఫ్లో అంటాం. ఆ చోటునంతా చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో గాలి ఎటు పోతోందో లెక్క కట్టి, ఆ గాలిలోకి లక్షల బిందువులు వదిలి, ఒక్కో బిందువు ఎక్కడ పడుతుందో, పడేలోపే ఎంత ఆవిరవుతుందో చూస్తాం. మా కాలంలో వారాలు నడిచిన లెక్క ఇప్పుడు గ్రాఫిక్ కార్డుల మీద, పాత లెక్కలు చూసి నేర్చుకున్న మోడళ్ళ సాయంతో, మీరు టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. లెక్క వేగం పెరిగింది. ఆ లెక్కకు మొదట మనం చెప్పే మాట ఎంత నిజం అన్న దగ్గర మాత్రం వేగమేమీ పెరగలేదు. గాలి ఎంత, నేల ఎలా ఉంది, బిందువు ఎంత లావు అన్నది ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేది మనిషే.

మా ప్రిన్సిపాల్ గారికి ఎరుపంటే ఇష్టం. మంచి మనిషి, ఏ జీతమూ ఆలస్యం కానివ్వలేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తున్నారంటే మాత్రం ల్యాబ్‌లోకి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేవారు.

"ఏమయ్యా, అంతా నీలంగా ఉందేంది? కాస్త ఎరుపు రానీ. చూసేవాళ్ళకు ఏదో జరుగుతున్నట్టుండాలి."

"జరగట్లేదు సార్ మరి."

"జరిగేట్టు చెయ్యి."

అది చిటికెలో పని. బొమ్మ పక్కన ఏ అంకెకు ఏ రంగో చెప్పే స్కేలు మారిస్తే చాలు, ఏమీ లేనిచోట కూడా ఎరుపు మండిపోతుంది. అది అబద్ధం కూడా కాదు, అంకెలన్నీ అక్కడే ఉంటాయి. కానీ చూసేవాడు అంకె చూడడు, రంగు చూస్తాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదే. నేర్చుకున్నాక మానేసి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది.

పత్తి ఆకు

ఆ ఊరి పేరు రాయను. అక్కడ సాంబయ్య గారని ఒక మోతుబరి, మా ప్రిన్సిపాల్ గారి చిన్ననాటి స్నేహితుడు. ఆయన భూమి వాగుదాకా వాలుగా దిగుతుంది. పైభాగంలో ఆయన మొక్కజొన్న వేసుకున్నారు. కింది భాగం ప్రకాశం అనే అతనికి కౌలుకిచ్చారు. ప్రకాశమూ అతని భార్య సువార్తమ్మా ఆ చెక్కను ఏళ్ళ తరబడి చేస్తున్నారు. అందులో రాళ్ళు ఏరిపోసింది వాళ్ళే, వాగు కోతకు అడ్డంగా కట్ట వేసింది వాళ్ళే. ఆ ఏడు పత్తి వేశారు.

వానలు తెరిపిచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం సాంబయ్య గారు మొక్కజొన్నలో డ్రోనుతో కలుపు మందు కొట్టించారు. ఆ మందు మొక్కజొన్నను ఏమీ చేయదు. పత్తికి మాత్రం దాని తుంపర సోకితే చాలు, ఆకు వేళ్ళు వేళ్ళుగా చీలి సన్నబడిపోతుంది, పూత నిలవదు. కొద్ది రోజులకు ప్రకాశం చేను అలాగే అయింది.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. అదే వారంలో సాంబయ్య గారు చెప్తే ప్రకాశం తన బ్యాటరీ పంపుతో ఆయన గట్ల మీద అదే కలుపు మందు కొట్టి వచ్చాడు. మర్నాడు అదే పంపుతో తన పత్తికి పురుగు మందు కొట్టుకున్నాడు. పంపు ట్యాంకు సరిగ్గా కడగకపోయి ఉంటే అడుగున మిగిలిన కలుపు మందే చేనును చంపి ఉంటుంది. అప్పుడు తప్పు ప్రకాశానిది. డ్రోను తుంపర కొట్టుకొచ్చి ఉంటే తప్పు సాంబయ్య గారి వైపుది. తన పంట తానే చంపుకున్న వాడికి భూమి ఎలా ఇస్తామన్న మాట అప్పటికే ఊళ్ళో తిరుగుతోంది. ఆ చెక్క మళ్ళీ ఏడు ప్రకాశం చేతిలో ఉంటుందా లేదా అన్నది ఆ ఒక్క ప్రశ్న మీద ఆగింది. డ్రోనా, ట్యాంకా?

మా ల్యాబ్‌లో అప్పుడు డ్రోను స్ప్రే మీదే పని నడుస్తోంది. రెక్కల కింద గాలి ఎలా దూకుతుంది, బిందువులు దాంతో ఎంత దూరం పోతాయి అని. ప్రిన్సిపాల్ గారు నన్ను పంపారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న సౌజన్యను వెంటబెట్టుకుని వెళ్ళాను.

చేలోకి దిగగానే ప్రకాశం ఒక కొమ్మ తుంచి నా చేతిలో పెట్టాడు.

"చూడండి సార్. పత్తేశాను, గోంగూరయింది."

నిజంగానే గోంగూర ఆకులా ఉంది. నా నోరు ఊరుకోదు. "పచ్చడికి పనికొస్తుందేమో చూడవయ్యా. రెండు కట్టలు నాకూ పంపు" అన్నాను.

అందరూ నవ్వారు. ప్రకాశమూ నవ్వాడు. సువార్తమ్మ నవ్వలేదు. అప్పటినుంచి ఊళ్ళో అతనికి గోంగూర ప్రకాశం అని పేరొచ్చిందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

సాంబయ్య గారు గట్టు మీదనుంచే అడిగారు. "ఒరేయ్ ప్రకాశం, సార్ ముందు నిజం చెప్పు. ట్యాంకు కడిగావా?"

"కడిగానయ్యా."

"ఎన్నిసార్లు?"

ప్రకాశం తడబడ్డాడు. భార్య వైపు చూశాడు. "రెండు మూడు తూర్లు ఉంటదయ్యా."

"ఉంటదంట" అన్నారు సాంబయ్య గారు, నాకు వినపడేట్టు.

చేను చుట్టూ తిరిగాం. విచిత్రమేమంటే మొక్కజొన్నను ఆనుకుని ఉన్న గట్టు దగ్గర పత్తి బాగానే ఉంది. అటు దూరంగా, వాగు పక్కనున్న పల్లంలో పూర్తిగా పోయింది. తుంపరే వచ్చి ఉంటే ముందు గట్టు దగ్గర పాడవ్వాలి, దూరం పోయేకొద్దీ తగ్గాలి. అలా లేదు కాబట్టి ట్యాంకే అని ఎవరైనా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. లెక్క మొదలుపెట్టకముందే అనుకున్నాను.

సున్నా

మందు కొట్టిన పూట గాలి ఎలా ఉందని అడిగితే ఒకరికి తెలియకుండా ఒకరు అందరూ ఒకే మాట చెప్పారు. గాలి పడిపోయింది, ఆకు కదల్లేదు. డ్రోను నడిపిన కుర్రాడు, సాంబయ్య గారు, ప్రకాశం, ఎవరూ వేరుగా చెప్పలేదు. మన దగ్గర మందు కొట్టడానికి గాలి పడిపోయే పూట కోసమే చూస్తారు. గాలి లేకపోతే మందు ఎక్కడిదక్కడే పడుతుందని మన నమ్మకం. మా ల్యాబ్‌లోనూ అదే నమ్మకం.

లెక్కకు అంకెలు పెడుతుంటే సౌజన్య ఆగింది.

"సార్, గాలికి సున్నా పెట్టొచ్చా?"

"లేనిదాన్ని ఎంతని పెడతావమ్మా?"

"నేల కూడా బల్లపరుపుగా తీసుకున్నాం సార్. అక్కడ వాలు ఉంది."

"ఆ మాత్రం వాలుకు గాలేమైనా జారిపడుతుందా? కానివ్వు."

కానిచ్చింది. బిందువులన్నీ డ్రోను కిందే బుద్ధిగా పడ్డాయి. మొక్కజొన్న మీద ఎర్రగా, గట్టు దాటగానే పసుపు, ఆ తర్వాత పల్లందాకా ఒకటే నీలం. చూడ్డానికి చాలా అందంగా ఉంది.

ఇక మొదటి పేరా కొట్టేయండి. గంటలో తేల్చలేదు, వారాలు పట్టింది. కర్రలు లేవలేదు, కౌలు చేసుకునేవాడు ఆసామి మీద కర్ర ఎత్తడు. ఊరంతా రాలేదు, సాంబయ్య గారి వరండాలో ఐదారుగురం ఉన్నాం. నేను లాప్‌టాప్ తిప్పి నీలం మీద వేలు పెట్టి, "డ్రోను మందు ఇక్కడిదాకా రాలేదు" అన్నాను. ఎవరూ స్కేలు ఏమిటని అడగలేదు. గాలి ఎంత పెట్టావని అడగలేదు. ప్రకాశం దగ్గరికొచ్చి, వంగి, ఆ నీలాన్ని చాలాసేపు చూశాడు.

"ఇది మా చేనేనా సార్?"

"మీ చేనే."

దండం పెట్టిన వాళ్ళు ఇద్దరు కాదు. ఒక్క ప్రకాశమే పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకిప్పటికీ తెలియదు.

ఆ ఏడు పత్తి పీకేశాక ఆ చెక్క సాంబయ్య గారి బామ్మర్దికి వెళ్ళింది. ప్రకాశం దాచేపల్లి వెళ్ళి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు లారీలకెత్తే పనిలో చేరాడు.

దోమల పొగ

తర్వాతి ఏడు అదే రోజుల్లో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చే దారిలో పొగ నేలబారుగా పాకుతుండటం చూసి, నాకు మెరుపులా తట్టింది. అని రాద్దామనుకున్నాను. తట్టింది సౌజన్యకు. నేను ఆ సమయంలో ఆ కేసు గురించి సెమినార్లలో గొప్పగా చెప్పుకుంటున్నాను. ఆ నీలం బొమ్మ నా ప్రసంగంలో మూడో స్లైడు.

సౌజన్య చెప్పిన సంగతి ఇది. పొద్దు వాలాక, మబ్బు లేని పూట నేల త్వరగా చల్లబడుతుంది. నేలను తాకిన గాలి చల్లబడి బరువెక్కుతుంది. పైన ఇంకా వెచ్చగానే ఉన్న గాలి దాని మీద మూతలా కూర్చుంటుంది. ఆకు కదలడం లేదు కాబట్టి మనం గాలి పడిపోయిందంటాం. అదే సమయంలో మోకాలెత్తున పలుచటి చల్లగాలి పొర, నీళ్ళు జారినట్టే, పల్లానికి జారుతుంటుంది. డ్రోను వదిలే బిందువుల్లో సన్నవి కింద పడేలోపే ఆరి ఇంకా సన్నబడి ఆ పొరలో తేలతాయి. మామూలు గాలి ఉంటే చెదిరి పలుచబడేవి. ఇక్కడ చెదరవు. గట్టు దగ్గర ఆగవు. పల్లందాకా వెళ్ళి అక్కడ నిలుస్తాయి.

"అంటే?" అన్నాను, అర్థమై కూడా.

"అంటే మనం సున్నా పెట్టకూడదు సార్. గాలి లేని పూటే అన్నిటికంటే ప్రమాదం."

సౌజన్య మళ్ళీ లెక్క వేసింది. నేల వాలు పెట్టింది, చల్లబడే నేల పెట్టింది, ఆరే బిందువులు పెట్టింది. లెక్క పూర్తయ్యాక కూడా నేను ఒప్పుకోలేదు. పెద్దవాణ్ణి కదా, కళ్ళతో చూడాలన్నాను. సౌజన్య వెళ్ళి పంచాయతీ వాళ్ళ దగ్గర దోమలకు పొగ కొట్టే మిషను అడిగి తెచ్చింది.

పొద్దుగూకే వేళ మొక్కజొన్న గట్టు మీద నిలబడ్డాం. సాంబయ్య గారూ వచ్చారు. మిషను చప్పుడు చేసుకుంటూ తెల్లటి పొగ కక్కింది. కాస్త లేచింది, ఆగింది, ఆ తర్వాత దానికి దారి ముందే తెలిసినట్టు గట్టు దిగి కిందికి పాకడం మొదలుపెట్టింది. పై చేలల్లో ఆకు కదల్లేదు. పొగ గట్టు పక్క సాళ్ళల్లో నిలవలేదు. ప్రకాశం చేను పల్లంలోకి వెళ్ళి, వాగు కట్ట దగ్గర పాలు పోసినట్టు నిలిచిపోయింది. ఏ మొక్కలైతే గోంగూరయ్యాయో సరిగ్గా ఆ మొక్కలుండిన చోట.

"ఏంది మాస్టారూ, పొగ కిందికి పోతంది?" అన్నారు సాంబయ్య గారు.

"మీ డ్రోను మందు కూడా ఇట్లాగే పోయింది సాంబయ్య గారూ, ప్రకాశం తప్పేమీ లేదు" అని నేను ఆయన మొహం మీదే చెప్పేశాను. ఇదీ రాసి కొట్టేయాల్సిందే. చెప్పింది సౌజన్య. నేను పొగకు దగ్గు వస్తున్నట్టు జేబురుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

సాంబయ్య గారు "సర్లేమ్మా. అయిపోయినదానికి ఇప్పుడు ఏం చేస్తాం" అని చెప్పులు దులుపుకుని వెళ్ళిపోయారు.

కబురు

కొత్త బొమ్మ తయారైంది. గట్టు దగ్గర నీలం, పల్లంలో ఎరుపు. నేను దాచేపల్లి వెళ్ళి, ప్రకాశం రెండు చేతులూ పట్టుకుని, నీ తప్పు లేదయ్యా, నాదే తప్పు అని చెప్పాను. సెమినార్లలో ఇలాగే ముగిస్తూ వచ్చాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

నేను వెళ్ళలేదు. వెళ్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని పెట్టుకున్నాను. చివరికి బొమ్మను వాట్సాప్‌లో పంపాను. కాసేపటికి రెండు నీలం గీతలు వచ్చాయి. చూశాడన్నమాట, తెలిసిందన్నమాట అనుకున్నాను. ఆ రెండు గీతలు పట్టుకుని చాలా కాలం నిబ్బరంగా ఉన్నాను. ప్రకాశం గుండె జబ్బుతో పోయాడని విన్నప్పుడు కూడా, పాపం, ఆ బరువైనా దిగి పోయాడు కదా అనుకున్నాను.

పిల్లలూ, ఈ పనిలో మీకు తప్పులు జరుగుతాయి. నా ఒక్క సున్నా వల్ల ఒక మనిషికి పొలం పోయింది. ఇంత పెద్ద మాట అనడానికి నాకు నోరు రాలేదు ఇన్నాళ్ళూ. మీరు గాలి అంకె పెట్టేముందు ఆ అంకె కింద ఎవరు నిలబడి ఉన్నారో చూసుకోండి.

ఇక్కడికి రాసి ఆపాను. పేర్లు రాశాను కాబట్టి అచ్చుకు ఇచ్చేముందు సువార్తమ్మకు చదివి వినిపించడం మర్యాద అనిపించింది. ఆమె ఇప్పుడు దాచేపల్లిలో ఒక హాస్టల్లో వంట చేస్తోంది. ఈసారి నిజంగానే వెళ్ళాను. వంటింటి గుమ్మంలో కూర్చుని చేటలో కందిపప్పు బాగుచేస్తూ మొత్తం వింది. మధ్యలో ఒక్కసారీ తలెత్తలేదు. అయిపోయాక ఏమంటుందోనని కాగితాలు మడిచి పట్టుకుని కూర్చున్నాను. ఆమె చెప్పినదాన్ని బట్టి పైన ఎక్కడా దిద్దలేదు. ఇక్కడే రాస్తున్నాను.

"మీ వల్ల పొలం పోలా సార్. మీరు అంత చెయ్యలా. పత్తి పాడుగాక ముందే సాంబయ్య తన బామ్మర్దికి మాటిచ్చుకున్నాడు. ఊరంతటికీ తెలుసు. బొమ్మ లేకపోయినా పోయేదే."

ఆమె రాయి ఏరి పక్కన పడేసింది.

"ఇంకోటి. మా ఆయన కడిగాను అన్లా. కడిగిందే అయ్యా అన్నాడు. నన్ను చూపించి అన్నాడు. మీరందరూ ట్యాంకు కడిగిందే అన్నాడనుకున్నారు. ట్యాంకు కడిగింది నేను. ఎన్నిసార్లని ఆయన్ని అడిగితే కడగనోడికి ఎట్టా తెలుస్తది? నేను అక్కడే ఉంటిని గదా. నన్నెవరూ అడగలా."

"అప్పుడే చెప్పాల్సిందమ్మా."

"ఎవురితో చెప్పను? మీరు గోంగూర పచ్చడి గురించి మాట్టాడతన్నారు." చేట కింద పెట్టింది. "మీ నీలం బొమ్మ చూసి ఇంటికొచ్చినాక నన్నడిగాడు, ఏమే, సరిగ్గా కడిగావా అని. కడిగానన్నాను. మళ్ళా అడిగాడు. అంతకుముందు నా మాటకు ఎదురడిగిన మనిషి కాదు. ఆనక పొలం ఊసు ఎత్తలా, సాంబయ్య ఊసు ఎత్తలా. ఆ ఒక్కటే అడిగేవాడు. ఆస్పత్రిలోనూ అడిగాడు."

రెండో బొమ్మ పంపాను కదా, అది చూశాడు కదా అన్నాను.

"అది వచ్చినప్పుడు ఆయన ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఫోను నా చేతిలో ఉంది. చూసింది నేను. మొదటి బొమ్మా రంగులే, ఇదీ రంగులే. ఏ రంగు నేను కడిగానని చెప్తదో నాకేం తెలుసు? చదువు రానిదాన్ని గాదు సార్. కింద ఒక్క ముక్క రాసుంటే, ఆయనకి చదివి వినిపించేదాన్ని."